అడ్డపొగ గ్రామమున రెండు దినములు

శ్రీకాకుళము జిల్లా తీరమున జీడిమామిడి తోటలు దాటి, మొగలిపొదల నడుమ ఇసుకబాట పట్టి, ఒక మత్స్యకార గ్రామమునకు మేము చేరునప్పటికి ఉదయము ఎనిమిది గంటలయ్యెను. రాత్రి వేటకు పోయిన పడవలు అప్పుడే ఒడ్డు చేరుచుండెను. పురుషులు వలలు దులుపుకొనుచుండగా స్త్రీలు చేపల గంపలు నెత్తి కెత్తుకొని సంతకు బయలుదేరుచుండిరి. వారిలో వయసు మళ్లిన యొకామె రెండు చేతులతో గంపను పట్టుకొని, ముక్కుపుటములనుండి సన్నని పొగ వదలుచు మా ప్రక్కగా నడచిపోయెను. ఆమె పెదవుల నడుమ చుట్ట యొక్క ముట్టించని కొన మాత్రమే కానవచ్చుచుండెను. మండుచున్న కొన నోటిలోపల నున్నది. దీనినే ఆ ప్రాంతమువారు అడ్డపొగ యందురు.

నేను అచటికి పోయినది ఇద్దరు విద్యార్థుల పనిని కన్నులార చూచుటకు. ఒకడు దంతవైద్య విద్యార్థి, ఒకతె వైద్య విద్యార్థిని. భారత వైద్య పరిశోధన మండలి 1979లో ప్రారంభించిన స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకము క్రింద వారు ఎన్నికైరి. విద్యార్థి తానే యొక ప్రశ్నను ఎన్నుకొని, ఒక అధ్యాపకుని మార్గదర్శకునిగా స్వీకరించి, కళాశాలలోని నైతిక సమితి అనుమతి పొంది, రెండు మాసములు పరిశోధన సాగించి నివేదిక వ్రాయవలెను. ఆ నివేదిక అంగీకృతమైన పిమ్మటనే వేతనమును యోగ్యతాపత్రమును లభించును. ఆ బాలుని ప్రశ్న, అడ్డపొగ త్రాగువారి అంగిలిలో ఎట్టి మార్పులు కలుగునని. ఆ బాలిక ప్రశ్న, నోటిలో పుండు కనిపించిన నాటికిని వైద్యుని చూచిన నాటికిని నడుమ ఎన్ని దినములు గడచును, ఎందువలన గడచునని.

వారి ఆచార్యులు నడువయసు దాటిన మితభాషి. వేపచెట్టు క్రింద కూర్చుండి ఆయన నాకు పూర్వకథ చెప్పిరి. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి పరిశోధకులు ఖానోల్కరుగారు 1945లోనే, భారతీయుల ఆచారములను బట్టి పుట్టు మూడు విధముల కేన్సరులను వర్ణించుచు, వానిలో చుట్ట కేన్సరును చేర్చిరి. లోకమున అన్యత్ర కఠినమైన అంగిలికి కేన్సరు సోకుట అరుదు. ఈ తీరమున మాత్రము నిప్పు అంగిలికే తగులుచుండుటచే అచటనే వ్రణము పుట్టుచున్నది. పిమ్మట కోపెన్‌హేగన్ నగరమునుండి పిండ్‌బోర్గు, బొంబాయినుండి ఫలీ మెహతా మొదలగువారు ఈ జిల్లాలో ఇల్లిల్లు తిరిగి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి నలువదిమందికి మించి అడ్డపొగ త్రాగువారే. ఆ పరిశోధనపరంపరలోనే శ్రీకాకుళము, ఎర్నాకులము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు 36 వేలమందికి బోధలు చేసి, ఏటేట వారి నోళ్లు పరీక్షింపగా, పొగాకును మానినవారిలోను తగ్గించినవారిలోను కేన్సరునకు పూర్వరూపములగు మచ్చలు తగ్గినట్లు తేలినది. అనగా ఈ వ్యాధి విధివ్రాత కాదు, మానవప్రయత్నముచే నివారింపదగినది.

"అంతా తెలిసినదే గదా, మరల పరిశోధన ఏల?" యని నేనడిగితిని. ఆచార్యులు నవ్వి, "వారితో ఒక ఇంటికి వెళ్లి చూడండి" అనిరి.

తాటాకుల పంచలో ఒక వృద్ధురాలు ఎండుచేపలు ఏరుచుండెను. బాలుడు సమ్మతిపత్రమును చదివి వినిపించి, ఆమె వేలిముద్ర తీసికొని, అచ్చుకాగితములోని మొదటి ప్రశ్న వేసెను: "మామ్మగారూ, మీరు పొగ తాగుతారా?"

"లేదు బాబూ. మా ఇంట్లో మగోళ్లే బీడీ తాగుతారు."

బాలుడు కాగితముపై "లేదు" అని వ్రాయబోయెను. అంతలో ఆ బాలిక ఆమె ప్రక్కన గొంతుకూర్చుండి, తానును రెండు చేపలు చేతికి తీసికొని ఏరుచు, మెల్లగా అడిగెను: "మామ్మా, చుట్ట కాలుస్తావా? అడ్డపొగేనా?"

"అదా? అదెప్పుడూ ఉన్నదే గదే పాపా! సేతులు తడిగుంటాయి, గాలికి ఆరిపోదు. మాయమ్మ కాల్సింది, మాయత్త కాల్సింది."

ఒక్క పదము మారినంతనే ఒక జీవితసత్యము బయటపడినది. ఆ అచ్చుకాగితమును పట్టణమున కూర్చుండి కూర్చినవారు విద్వాంసులే. కాని పొగ త్రాగుట యనిన బీడీ, సిగరెట్టు అనియే ఈ పంచలో అర్థమని వారికి తెలియదు. ఆ బాలికకు తెలియును. ఆమెయు పొరుగు మండలమున ఇట్టి పల్లెలోనే పుట్టినది. ఆమె నాయనమ్మయు అడ్డపొగ త్రాగి, అంగిలి పుండును పంటినొప్పి యనుకొనుచు, ఎవ్వరును టార్చి వేసి నోరు చూడకయే కాలము చేసినదట.

బాలుడు నోటి అద్దమును టార్చిని పట్టి వృద్ధురాలి అంగిలిని చూపగా, ఆచార్యుల అనుజ్ఞతో నేనును చూచితిని. సున్నము పెచ్చులు లేచిన గోడవలె అంగిలి తెల్లబారి మందమై యుండెను; నడుమ చిటికెనవ్రేలి గోరంత ఎర్రని చోటొకటి కలదు. ఆచార్యులు తొందరపడక, "ఒకసారి విశాఖపట్నం రావాలమ్మా. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు" అనిరి.

"ఇసాపట్నమా? రెండ్రోజుల బేరం పోద్ది బాబూ. మనవరాలినెవరు సూత్తారు?"

బాలిక ఆ రెండు వాక్యములను ఉన్నదున్నట్లు తన పుస్తకములో వ్రాసికొనెను. ఆలస్యమునకు కారణమేమి యను ఆమె ప్రశ్నకు ఉత్తరము ఆ వాక్యములలోనే యున్నది: అజ్ఞానము కాదు, అలక్ష్యము కాదు, రెండు దినముల కూలి, ఇంటిలో ఒక పసిబిడ్డ. ఒకే వ్యాధి సోకిన ఇరువురిలో ఒకరు సకాలమున చికిత్స పొంది బ్రతుకుటయు, వేరొకరు పొందక మరణించుటయు జీవకణముల భేదమువలన మాత్రమే కలుగదనియు, బస్సుచార్జీవలనను, దూరమువలనను, ఇంటిపనివలనను కలుగుననియు ఆ బాలిక ఇరువదియేండ్లకే నేర్చికొన్నది. ఆనాటి సాయంకాలము ఆమెయు గ్రామ ఆశా కార్యకర్తయు కలిసి మనవరాలిని పొరుగింట నుంచుటకు ఏర్పాటు చేసిరి. మరునాటి ఉదయము ఆ వృద్ధురాలు బస్సెక్కుట నేను చూచితిని.

ముప్పది యేండ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సరుల పరీక్ష జరుపవలెనని ప్రభుత్వము సంకల్పించియున్నది. సంకల్పము శ్లాఘ్యము. కాని పంచలో గొంతుకూర్చుండి సరియైన మాటతో ప్రశ్నింపగలవారు లేనిచో, అట్టి వృద్ధురాలి పేరు ఎదుట "లేదు" అనియే వ్రాయబడును. అందువలన పరిశోధనలో శిక్షణ యనిన గణితము, సూక్ష్మదర్శిని మాత్రమే కాదు. విను శక్తియు అందు భాగమే. అరువది యేండ్ల క్రితము ఈ పల్లెలు పరిశోధకులకు నోరు తెరచి చూపినవి; నేడు ఈ పల్లెల బిడ్డలే టార్చి చేతబట్టవలెను. ఈ విద్యార్థి పరిశోధన పథకము వైద్య, దంతవైద్య విద్యార్థులకు పరిమితమై, రెండు మాసములతో ముగియుచున్నది. నర్సింగు చదువువారికిని, సమాజశాస్త్రము చదువువారికిని ఇట్టి అవకాశములు విరివిగా కల్పింపవలసి యున్నది.

ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును నాదొక మనవి. మీ గ్రామమునుండి వైద్యకళాశాలలోనో దంతవైద్య కళాశాలలోనో చేరిన బాలుడుగాని బాలికగాని యున్నచో, పరిశోధన మనవంటివారికి కాదను సంకోచము వారికి కలుగనీయకుడు. ఈ పథకమును గూర్చి వారికి నేడే చెప్పుడు. మన పంచలలో అడుగవలసిన ప్రశ్న ఏ మాటలతో అడుగవలెనో వారికే బాగుగా తెలియును.