చన్నీళ్ళలో దిగేవారికి ఏ సూటు?

చలిదేశాల్లో స్థిరపడిన మన పిల్లలు కొందరు సముద్రం అడుగు చూసివచ్చే సరదాలో పడ్డారు. నార్వేలో బెర్గెన్ పట్నంలో ఉంటున్న మా మేనల్లుడు మొన్న ఫోను చేసి, "మామయ్యా, డ్రై సూటు కొనాలి. నియోప్రీన్‌ది మంచిదా, ట్రైలామినేట్‌ది మంచిదా?" అని అడిగాడు. దుకాణదారుణ్ణి అడగవలసిన ప్రశ్న డాక్టర్ని అడిగాడేమిటని నవ్వకండి. ఇందులో సగం వైద్యమే.

నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగంగా ఒంటివేడిని లాగేస్తుంది. అక్కడ చలికాలంలో సముద్రపు నీరు 5, 6 డిగ్రీలకు దిగుతుంది. అందుకే నీరు లోపలికి రాని సూటు. అయితే ఒంటిని వెచ్చగా ఉంచేది సూటు గుడ్డ కాదు, చిక్కుకున్న గాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాది సులభం.

నియోప్రీన్ అంటే బుడగలు నిండిన రబ్బరు. ఆ బుడగలే వెచ్చదనం. కాని 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు. బుడగలు నలిగి రబ్బరు పలచబడుతుంది. తీరా అవసరమైన చోట సూటు చేతులెత్తేస్తుందన్నమాట! ట్రైలామినేట్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర, వానకోటుకు పెద్దన్న. సొంత వెచ్చదనం లేదు. లోపల తొడిగే ఉన్ని దుస్తులూ, దిగుతూ సిలిండరునుంచి వదులుకునే గాలీ దానికి ఆధారం. లోతు మారినా గుణం మారదు, చలినిబట్టి లోపలి బట్టలు మార్చుకోవచ్చు. చిరుగుపడి నీరు నిండితే మాత్రం నియోప్రీన్‌లో కొంత వెచ్చదనం మిగులుతుంది, ఇందులో మిగలదు. మావాడు 30 మీటర్లదాకా దిగుతానన్నాడు గనక ట్రైలామినేటే అన్నాను. లోపల నూలు బనీను వద్దన్నాను. చెమటకు తడిసి చల్లబడుతుంది.

గట్టిగా చెప్పింది మెడపట్టీ గురించి. ఎంత బిగుతైతే అంత మంచిదనుకుంటారు. మెడకు రెండు పక్కలా, మెదడుకు రక్తం తీసుకువెళ్ళే నాళాలమీద, రక్తపోటును కనిపెట్టే చోట్లున్నాయి. అక్కడ నొక్కితే గుండెవేగం తగ్గి కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో స్పృహ తప్పితే మంచంమీద పడుకోబెడతాం, నీళ్ళలో ఎవరు పడుకోబెడతారు? దుకాణంలోనే తొడుక్కుని పది నిమిషాలు కూర్చోవాలి, తల అటూ ఇటూ తిప్పిచూడాలి. కళ్ళు బైర్లు కమ్మితే పట్టీ మార్పించాలి. లేటెక్సు పడక దద్దుర్లు వచ్చేవారు, మా నర్సమ్మల్లో కొందరికి గ్లవ్సుతో వచ్చినట్టే, సిలికాన్ పట్టీ అడగాలి.

ఇక అసలు సంగతి. మావాడికి 44 ఏళ్ళు, బి.పి. మాత్రలు వాడుతున్నాడు. చన్నీళ్ళలో చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, రక్తం గుండె, ఊపిరితిత్తులవైపు తోసుకువస్తుంది. రక్తపోటున్న కొందరికి అప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అది సముద్రపు నీరు కాదు, సొంత రక్తంలోంచి ఊరినదే. ఏ సూటూ దీన్ని పూర్తిగా ఆపలేదు. ఈ మాట చెవినపడగానే మా అక్కయ్య "అసలు దిగొద్దని చెప్పరా" అంది. నేను అలా చెప్పలేదు. డైవింగు వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించుకుని, గుండె పరీక్ష చేయించుకున్నాకే సూటుకు డబ్బు కట్టమన్నాను. నీళ్ళలో దగ్గు, ఆయాసం, నురగ కళ్ళె కనిపిస్తే వెంటనే జతగాడికి సైగచేసి నిదానంగా పైకి రావాలి, ఆక్సిజను పెట్టించుకుని ఆస్పత్రికి వెళ్ళాలి; తగ్గిందికదా అని మళ్ళీ దిగకూడదు. వచ్చేవారం పరీక్షకు వెళుతున్నాడు.