ఆఱు పుస్తకములు – ఒక్క సీమ



బిడ్డ అయిదవ తరగతి దాటినంతనే “ఇక నీ చదువు నాకు దెలియదు, మాష్టారినే యడుగు” మని తప్పుకొను తల్లులు మనలో ననేకులు. ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల ప్రాథమికోన్నత విద్యలో తెలుగు, హిందీ, ఆంగ్లము, గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము అనునవి నేర్పుదురు. సంచిలో నవి వేఱువేఱు పుస్తకములు. లోకములో మాత్ర మట్లు విడివిడిగా నుండవు. నేను బడికి బోయినదానను గాను. ఇంటనే పెద్దలయొద్ద కావ్యములు చదువుకొంటిని. నా భర్త ఉపాధ్యాయుడు. ఒక దసరా సెలవులలో మా యాఱవ తరగతి బాలుని, పొరుగింటి ఎనిమిదవ తరగతి బాలికను, ఆమె తల్లిని వెంటబెట్టుకొని విజయనగర శ్రీకాకుళ సీమలలో మేము చేసిన ప్రయాణమును మీకు విన్నవించెదను.

మొదట బొబ్బిలికి బోతిమి. 1757వ సంవత్సరపు యుద్ధకథ పిల్లలు విన్నదే; వారెఱుగనిది అచ్చటి వీణ. సమీపమున నున్న గొల్లపల్లిలో ఒక్క పనసమ్రాను దొలిచి వీణ చేయుదురు. దానికి మెట్లు ఇరువదినాలుగు. బాలుడు తీగె పొడవును కొలిచి చూడగా, పండ్రెండవ మెట్టు సరిగా సగమున నుండెను. అచ్చట నొక్కి మీటినచో పై స్థాయి షడ్జము పలికినది. మూడింట రెండు వంతుల తీగె మిగులునట్లు నొక్కినచో పంచమము పలికినది. బడిలో భిన్నములన్న భయపడు పిల్లవాడు ఆనాడు భిన్నములను చెవితో వినెను.

మఱునాడు పొందూరు స్టేషనులో దిగితిమి. అచ్చటి పలకపై ఊరిపేరు మూడు లిపులలో నుండగా, ఆ యేడే హిందీ మొదలుపెట్టిన బాలుడు దానిని కూడబలుకుకొని చదివి గర్వపడెను. పొందూరు ఖద్దరు జగద్విదితము. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, స్త్రీలు సన్నని నూలు వడకుదురు. “నూఱవ నంబరు” అనగా నేమని బాలిక యడిగినది. నా భర్త ఇట్లు చెప్పెను: 840 గజములు ఒక చిలప, ఒక పౌను బరువునకు నూఱు చిలపలు తూగినచో అది నూఱవ నంబరు. ఇది ఆంగ్లేయుల కొలత. బాలిక కాగితముపై లెక్కవేసినది: 84,000 గజములు, అనగా 76 కిలోమీటర్లకు మించిన దారము! విజయనగరమున నొక కొన బట్టుకొన్నచో రెండవ కొన శ్రీకాకుళమును దాటిపోవును. రాట్నము ముందున్న వృద్ధురాలు చేయి ఆపి, “ఇన్నేళ్ల బట్టీ తీస్తన్నాను గానీ, నా సేతి దారం అంత దూరమెల్తాదని నాకు తెల్దమ్మా” అన్నది.

బాలిక తల్లి ఆ మాట విని చాలసేపు మిన్నకుండెను. తొమ్మిదవ తరగతికి పొరుగూరు పంపవలెనా, ఎనిమిదితో చాలింపవలెనా యని యామె యప్పటికి డోలాయమానచిత్తయై యున్నది. రైలెక్కిన పిమ్మట నా భర్తను చూచి, “తొమ్మిదిలో నేమేమి చెప్పుదు రండీ?” అని మెల్లగా నడిగినది.

అరసవల్లి సూర్యదేవాలయమును 7వ శతాబ్దమున గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించెనని చెప్పుదురు. మార్చి 9 మొదలు 11 వఱకును, అక్టోబరు 1 మొదలు 3 వఱకును మబ్బు లేనిచో ఉదయకిరణములు స్వామి పాదములను సోకును. ఈ రెండు కాలములే యేల? రేయింబవళ్లు సమముగా నుండు దినములు మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతములలో వచ్చును. మొదటిదానికి ఇంచుమించు పది దినములు ముందును, రెండవదానికి అన్నియే దినములు పిదపను సూర్యుడు నడితూర్పునకు గొంచెము దక్షిణముగా, ఇంచుమించు ఒక్కచోటనే ఉదయించును. దీని నెఱిగినందువలన భక్తి తఱుగలేదు. ఆ శిల్పుల గణితమునకు గూడ నమస్కరించితిమి.

తుదకు వంశధారాతీరమున శ్రీముఖలింగము చేరితిమి. ఆ సమీపమున పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మించిరి. నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, కొండలలోని సవరల భాష నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలలోనే చదువు చెప్పించి, 1931లో ఆ భాషకు వ్యాకరణము వెలువరించిరి. వాడుకభాషకై పోరాడిన యా మహనీయుని గూర్చి నేనిట్లు గ్రాంథికమున వ్రాయుట చూచినచో నవ్వుకొందురేమో! భాష పుస్తకములో మాత్రమే గాక మనుష్యుల నోట నున్నదని వారి జీవితమే పిల్లలకు పాఠము.

అమ్మలారా! మనకు రాని దేమియు లేదనను. కాని మన యెఱుకయు బిడ్డ పుస్తకమును కలిసినప్పుడే రెండును నిండును. దినమున కొకసారి, “ఈనాటి పాఠము మన యూరిలో నెక్కడ నున్నది?” అని యడుగుడు. ఉప్పులోనో, ఏటిలోనో, మగ్గముమీదనో అది దొరకును. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పదునాలుగేండ్ల ప్రాయముతో నాగును. తల్లి అచ్చట నాగరాదు. తన చేతి దారము ఎంతదూరము పోవునో ఆడుబిడ్డ తానే లెక్కవేసికొనగల నాటివఱకు ఆమెను బడికి బంపుడు.