నవల పేరు పెట్టుకున్న ఊరు

రచయితలు సొంత ఊరిని కథల్లో పెట్టడం మామూలే. కథలోని ఊరు వచ్చి అసలు ఊరి బోర్డెక్కి కూర్చోవడమే అరుదు. ఫ్రాన్స్‌లోని ఇలియేలో అదే జరిగింది. షార్త్ర్ పట్టణానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, గోధుమ చేల మధ్య ఉంటుందా ఊరు. జనాభా మూడు వేల పైచిలుకు. మార్సెల్ ప్రూస్ట్ తన ఏడు భాగాల నవలలో దీన్ని ‘కోంబ్రే’ అన్నాడు. ఆయన పుట్టి నూరేళ్లయిన సందర్భంగా 1971లో ఊరు అధికారికంగా ‘ఇలియే-కోంబ్రే’ అయిపోయింది!

వచ్చినవాళ్లు నేరుగా వెళ్లేది ‘లెయొనీ అత్త ఇంటి’కి. ఇప్పుడది మ్యూజియం. తమాషా ఏమిటంటే, లెయొనీ అనే మనిషి ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. అది ప్రూస్ట్ మేనత్త ఎలిజబెత్, ఆవిడ భర్త జూల్ అమియో కాపురమున్న ఇల్లు. ఆయన బట్టల వ్యాపారి. నవలలో లెయొనీ వితంతువు. మంచం దిగకుండానే, వీధిలో ఎవరు పోతున్నారో కిటికీలోంచి కనిపెడుతుంటుంది. ఆ ఒక్క మార్పుతో పాపం మావయ్య ఇంట్లోంచి మాయమయ్యాడు. ఏటి దగ్గర ఆయన ముచ్చటపడి పెంచుకున్న తోటను కూడా ప్రూస్ట్ నవలలో స్వాన్ అనే పెద్దమనిషికి రాసిచ్చేశాడు. వీధికి మాత్రం అసలు మనిషి పేరే ఉంది... డాక్టర్ ప్రూస్ట్ వీధి. రచయిత తండ్రి ఆద్రియాఁ 1834లో ఈ ఊళ్లోనే పుట్టి, కలరాను అడ్డుకోవడంలో పేరు తెచ్చుకున్న వైద్యుడు. నవలలోని నాన్నేమో డాక్టరే కాదు.

టీలో ముంచిన మాడ్లెన్ కేకు ముక్క నాలుకకు తగలగానే బాల్యమంతా తిరిగొచ్చే ఘట్టం లోకప్రసిద్ధం. ఇక్కడి బేకరీల్లో వాటికే గిరాకీ. చిత్తుప్రతుల్లో మాత్రం అది మొదట కాల్చిన రొట్టె, ఆ తర్వాత రస్కు! టీ కొట్టు దగ్గర రస్కు ముంచుకు తినేవాళ్లకు ఇది చల్లని కబురే.

1913లో మొదటి భాగం వచ్చినప్పుడు కోంబ్రే షార్త్ర్ దగ్గరే ఉంది. మరుసటేడు యుద్ధం వచ్చింది. దాంతో ప్రూస్ట్ ఊరిని ఊరుగా లేపి తూర్పున యుద్ధరంగంలో పెట్టాడు. చివరి భాగంలో కోంబ్రే చర్చి కూలిపోతుంది. ఇలియేలోని సెయింట్ జాక్ చర్చి నిలబడే ఉంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు వేరే ఉంది. సెలవులకు ఈ ఇంటికి వచ్చింది ఒక్క పిల్లాడు కాదు, ఇద్దరు. మార్సెల్, రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు రొబేర్. తొమ్మిదేళ్ల వయసులో మార్సెల్‌కు ఆస్తమా మొదలయ్యాక ఆ రాకపోకలు తగ్గాయి. 1908 ప్రాంతంలో రాసిన కాగితాల్లో తమ్ముడున్నాడు. పెంచుకున్న మేకపిల్లను వదిలి వెళ్లాలన్నందుకు గోల పెడతాడు. ఆ కాగితాలు పూర్తిగా 2021లో గానీ అచ్చు కాలేదు. నవలలోకి వచ్చేసరికి కథకుడు ఒక్కగానొక్క కొడుకు. అమ్మ వచ్చి ముద్దు పెడితే తప్ప నిద్రపోని ఆ పిల్లాడి బెంగ పాఠకుడికి అంతగా పట్టుకోవాలంటే పక్క మంచంలో తమ్ముడు ఉండకూడదు మరి. కథకు అది అవసరమే. తమ్ముడికి ఎలా అనిపించి ఉంటుందన్నది వేరే సంగతి.

రొబేర్ పెద్దయి సర్జన్ అయ్యాడు. 1922లో అన్న చనిపోయేనాటికి నవలలో చివరి మూడు భాగాలు ఇంకా వెలువడలేదు. ఆ రాతప్రతులను దగ్గర పెట్టుకుని, ప్రచురణకర్తలతో కలిసి సరిచూసి, 1927 నాటికి మొత్తం అచ్చు వేయించింది ఆ తమ్ముడే.