కోటా దాటినవారు

కోటా అనగానే మన యిళ్ళలో కంట్రోలు షాపు జ్ఞాపకం వస్తుంది. నెలకింత బియ్యం, యింత పంచదార అని కార్డు చూసి కొలిచి యిచ్చేది ఆ కోటా. నేను కాపలా కాసే కోటా తీరు వేరు. అది యిచ్చేది కాదు. యింతకు మించి వాడుకోరాదు అని ఆపేది. సరుకు కూడా బియ్యం కాదు. చోటు. కంప్యూటరు డిస్కు మీద చోటు.

నేనొక కాలేజీలో ఫైల్ సర్వరు చూసే ఉద్యోగిని. ఫైల్ సర్వరంటే ఉమ్మడి గాదె అనుకోండి. లెక్చరర్లు, గుమాస్తాలు, రీసెర్చి విద్యార్థులు తమ తమ గదుల్లో కూర్చుని రాసుకున్నవి, లెక్కలు కట్టుకున్నవి, ఫొటోలు తీసుకున్నవి అన్నీ వచ్చి చేరేది అందులోనే. ఎవరి అర వారిదే గాని గాదె మాత్రం ఒక్కటే. ఒకరు మూటలు తెచ్చి కుమ్మరిస్తే యింకొకరికి గుప్పెడు పోసుకునే చోటు వుండదు. చోటు లేకపోతే ఏమవుతుందంటారా? కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు ముందు పాతది తుడిచి, ఆపైన కొత్తది రాయబోతాయి. డిస్కు నిండిపోయి వుంటే రాయడానికి చోటు దొరక్క, ఫైలు పేరు మాత్రం మిగిలి లోపల సున్న. రేపు సమర్పించవలసిన థీసిస్‌కు ఆ గతి పడితే ఏడుపు ఎవరిది? మూటలు తెచ్చినవాడిది మాత్రం కాదు.

అంచేతనే కోటా పుట్టింది. ఇది నిన్న మొన్నటి మాట కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఎల్జ్ అనే ఆయన యూనిక్స్ కోసం యీ ఏర్పాటు తయారుచేశాడు. బర్క్‌లీ వారు 1983లో విడుదల చేసిన 4.2 బీఎస్‌డీలో అది చేరింది. ఇప్పటి లినక్స్ సర్వర్లు నడిపేదీ ఆ బాటలోనే.

ఆ పద్ధతిలో రెండు గీతలు. సాఫ్ట్ లిమిట్ అనేది మెత్తని గీత, హార్డ్ లిమిట్ అనేది గట్టి గీత. మా లెక్చరర్లకు మెత్తనిది 40 గిగాబైట్ల దగ్గర, గట్టిది 45 దగ్గర పెట్టారు. నలభై దాటినా పని ఆగదు; గడియారం మాత్రం మొదలవుతుంది. లినక్స్‌లో మామూలుగా ఆ గడువు 7 రోజులు. ఆ లోపల కిందికి దిగివస్తే ఏ గొడవా లేదు. దిగకపోతే గడువు తీరిన మరుక్షణం మెత్తని గీతే గట్టి గీత అయి కూర్చుంటుంది. ఇక కొత్తగా ఏమీ చేర్చనివ్వదు. నలభై అయిదు దగ్గర అసలు గడువూ లేదు, బతిమాలటమూ లేదు, గోడే. ఫైళ్ళ సంఖ్యకు కూడా యిలాంటివే వేరే రెండు గీతలున్నాయి. చిన్న చిన్న ఫైళ్ళు లక్షలకొద్దీ పెంచేవారిని పట్టేవి అవి.

రోజూ పొద్దున్నే నా కుర్చీలో కూర్చోగానే రెప్‌కోటా అనే ఆజ్ఞ యిస్తాను. పేర్లన్నీ వరసగా వస్తాయి. పేరు పక్కన రెండు అడ్డగీతలుంటే క్షేమం. మొదటి గీత కూడికగుర్తుగా మారితే చోటు మితిమీరిందన్నమాట. రెండోది మారితే ఫైళ్ళ సంఖ్య. ఆ గుర్తు పడినవారిలో కొందరు వరండాలో నన్ను చూడగానే చెప్పు సవరించుకుంటున్నట్టు వంగిపోతారు. అప్పులవాడికి కూడా యింత మర్యాద జరగదేమో.

కిందటేడు అలా ఒక గుర్తు తెలుగు శాఖలో మాస్టారి పేరు పక్కన పడింది. మరో ఏడాదిలో రిటైరు కావలసినవారు. లెక్క 43.2. యంత్రం తనంత తానే ఉత్తరం పంపింది: మీరింత వాడారు, మీ హద్దు యింత, గడువు యింత. అంతకన్న దానికేం తెలుసు?

మర్నాడు 43.1. మూడోనాడు 43.0. అయిదోనాడు 42.9. పాపం, రోజూ ఏదో తీసేస్తూనే వున్నారు. లెక్క మాత్రం దిగిరాదు. ఆరోనాడు ఆయనే మెట్లెక్కి నా గదికి వచ్చారు.

"ఏమయ్యా, యిన్నాళ్ళ నుంచి తుడుస్తూనే వున్నాను. శిష్యులు రాసిన ఉత్తరాలు తీసేశాను. పాత ప్రశ్నపత్రాలు తీసేశాను. నీ యంత్రానికి తృప్తి లేదు. ఇక మిగిలినవి మా ఆవిడ ఫొటోలు. అవి కూడా తీసెయ్యమంటావా?"

ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు.

"ఒక్క పూట ఆగండి మాస్టారూ" అన్నాను.

చూడగా తేలిన సంగతి యిది. కోటా లెక్క కట్టేది ఫైలు ఏ అరలో వుందని కాదు, ఎవరి పేరున వుందని. ఆ డిస్కు మీద ఎక్కడున్నా సరే, పేరుగలవారి ఖాతాలోనే పడుతుంది. మాస్టారి పేరున వున్న ఫైళ్ళన్నీ వెతికించాను. ఆయన సొంత అరలో పట్టుమని 11 గిగాబైట్లు లేవు. మిగిలిన 32 శాఖ ఉమ్మడి అరలో వున్నాయి. అవి యాభై గంటల పాటలు! పల్లెలు తిరిగి, ముసలమ్మల చేత పాడించి ఆయన రికార్డు చేసుకొచ్చిన దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, అప్పగింతల పాటలు. పాడినవారిలో కొందరు యిప్పుడు లేరు. శాఖకు యిచ్చేశాను గదా, యిక అవి శాఖవే అని మాస్టారు అనుకున్నారు. యంత్రం మాత్రం ఎక్కించిన చెయ్యి ఎవరిదో మరచిపోలేదు.

సీడీ నాణ్యతలో, కుదించకుండా దాచిన శబ్దం గంటకు సుమారు 635 మెగాబైట్లు. సెకనుకు 44,100 సార్లు కొలవటం, రెండు చానెళ్ళు, కొలతకు రెండేసి బైట్లు; లెక్క మీరే వేసి చూడండి. ఉత్తరం ఒక్కింటికి 30 కిలోబైట్లు అనుకున్నా, యిరవై వేల ఉత్తరాలు చించితే గాని ఒక గంట పాట బరువు దిగదు. మాస్టారు నాలుగు ఫొటోలు కాదు, నాలుగు వందల ఫొటోలు తీసేసినా ఆ వారం గట్టెక్కేవారు కారు.

శాఖ హెడ్డుగారి అనుమతి తీసుకుని పాటలను శాఖ పేరుకు మార్చాను. ఆ పేరుకు పెద్ద కోటా వేరే వుంది. మాస్టారి లెక్క ఆ క్షణానే 11కి దిగింది. తుడిచేసినవాటిని మేము రాత్రిళ్ళు తీసే నకళ్ళ నుంచి తిరిగి పెట్టించాను. ఆయన చూసుకుని, "ఉత్తరాలు సరే, ఆ ప్రశ్నపత్రాలనెందుకు బతికించావయ్యా?" అన్నారు.

యంత్రానికి బరువు తెలుసు, విలువ తెలియదు. ఒక విధంగా అదే మంచిది. ప్రిన్సిపాలుగారి ఫైలుకూ నిన్న చేరిన కుర్రవాడి ఫైలుకూ ఒకటే త్రాసు. కాని ఆ త్రాసుకూ మనిషికీ మధ్య ఎవరో ఒకరు నిలబడి, బరువు ఎక్కడుందో చూపించాలి. గడువు వున్నది అందుకే. ఇప్పుడు మా నోటీసు కింద ఒక పట్టిక కూడా చేర్పిస్తున్నాను: మీ పేరున వున్నవాటిలో అన్నిటికన్న బరువైనవి పది, అవి వున్న చోటు.

ఇదంతా కాలేజీ గొడవ, మనకెందుకు అనుకోకండి. గూగుల్ ఖాతాలో ఉచితంగా యిచ్చే 15 గిగాబైట్లలోనే ఉత్తరాలూ, ఫైళ్ళూ, ఫొటోలూ సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. చోటు నిండిందన్న కబురు రాగానే అమ్మమ్మ ఫొటోల మీద పడకండి. ముందు పరిమాణం ప్రకారం వరస పెట్టించి చూడండి. ఎవరో పంపిన పెళ్ళి వీడియో మూడు నకళ్ళుగా పైనే కూర్చుని వుంటుంది. అది తీశాక చెత్తబుట్ట కూడా దులపండి. బుట్టలో వేసినంత మాత్రాన చోటు ఖాళీ కాదు.

ఈ నీతులన్నీ విని మా ఆవిడ, మన అటక మీదికి రెప్‌కోటా ఎప్పుడు పంపుతారని అడుగుతోంది. సీరియల్ కాగితాలు విప్పి కుట్టించిన నా వారపత్రికల కట్టలన్నీ అక్కడే వున్నాయి. గడువు ఎన్ని రోజులో మాత్రం ఆవిడ యింకా చెప్పలేదు.