ఆనె అనుకున్నాం

మా తాండాలో అరికాలి కింద ఏది లేచినా దాని పేరు ఆనె. చేతి మీద లేస్తే పులిపిరి, మెడ మీద లేస్తే పులిపిరి, కాలి కింద లేస్తే మాత్రం ఆనె. పులిపిరి అరికాలికి కూడా వస్తుందని మాకెవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. ఆ ఒక్క సంగతి తెలియక 2022 ఎండాకాలం నుంచి చలికాలం దాకా మా ఇంట్లో రెండు కాళ్లు పడిన బాధ ఇక్కడ రాస్తున్నాం. ఒకటి మా తమ్ముడి కాలు. రెండోది మా బా కాలు.

మాది నవాబుపేట మండలంలో ఒక లంబాడీ తాండా. మేం తండ్రిని బా అంటాం, తల్లిని యాడి అంటాం, నాయనమ్మను దాది అంటాం. చిట్టిగిడ్డ స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కితే వికారాబాద్, ఇంకా ముందుకు పోతే తాండూరు. బా ఇరవై ఏళ్లు ఆ బండిలోనే పోయి తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ పని చేశాడు. అక్కడ మిషన్ కింద నీళ్లు పారుతూనే ఉంటాయి. రాతి పొడి కలిసిన బురదలో పొద్దంతా నిలబడాలి. ఆయన కుడికాలి చిటికెన వేలి పక్కన గట్టి ఆనె ఒకటి మా చిన్నప్పటి నుంచీ ఉంది. అది నిజంగా ఆనే. చెప్పు ఒరుసుకొని, బరువు పడి చర్మం గట్టిపడింది. నాలుగేళ్ల కింద ఆయనకు షుగర్ ఉందని తేలింది. గోలీలు వేసుకుంటాడు, మర్చిపోతాడు, మళ్లీ వేసుకుంటాడు.

మేం ఇద్దరం అక్కలం. తమ్ముడు మాకంటే చిన్నవాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడింది. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. వాడు వికారాబాద్‌లో రూము తీసుకున్నాడు. ఎనిమిది మందికి ఒకే స్నానాల గది. తెల్లవారుజామున గ్రౌండ్‌లో ఒట్టి కాళ్లతో ఉరకడం, వచ్చి అందరూ ఆ తడి నేల మీదే నిలబడి స్నానం చేయడం. మే నెలలో ఇంటికొచ్చినప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తున్నాడు. చూస్తే అరికాలి ముందు భాగంలో శనగగింజంత గరుకు మచ్చ.

"ఆనె బిడ్డా, చెప్పుల్లేకుండ ఉరికితే రాదా?" అంది దాది.

దాది మాట మీద మాకు గురి ఎందుకు ఉండేదో చెప్పాలి. మా చిన్నప్పుడు మా ఇద్దరి చేతుల మీదా పులిపిర్లు లేచాయి. దాది ఉప్పుగల్లు గుడ్డలో కట్టి మా చేత బావిలో వేయించింది. వెనక్కి చూడొద్దని చెప్పింది. ఉప్పు కరిగినట్టే అవీ కరిగిపోతాయట. ఏడాది తిరిగేసరికి నిజంగానే పోయాయి. ఇక ఉప్పు మహిమను ఎవరు కాదంటారు?

కాలికి మాత్రం దాది దగ్గర వేరే మందు ఉంది. జీడిగింజ. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి. దాన్ని సూదికి గుచ్చి దీపం మంట మీద పట్టుకుంటే నూనె కారుతుంది. ఆ నూనె చుక్కను ఆనె మీద అద్దుతారు. అద్దే ముందు దాది చుట్టూ చర్మానికి ఆముదం దట్టంగా పూస్తుంది. చుక్క కూడా సూది మొనంతే. అద్దాక వారం రోజులు మళ్లీ ముట్టుకోదు. ఈ ఆముదం సంగతి, ఈ సూది మొన సంగతి మేం చిన్నప్పటి నుంచీ చూశాం. చూశామే గానీ ఎందుకో ఆలోచించలేదు.

ఆ వేళ దాది చేసిన దానికి పై పొర ఊడింది, మచ్చ పోలేదు. తర్వాత ఆమె మా అత్త వాళ్ల తాండాకు పోయింది. తమ్ముడికి తొందర. మేమే జీడి కాల్చాం. ఆముదం లేదు, చుక్కకు లెక్క లేదు. రెండో రోజుకు పాదం సగం వాచి నీటి పొక్కులు లేచాయి. పది రోజులు కాలు కింద పెట్టలేదు. జీడి నూనె చర్మాన్ని కాల్చడమే కాదు, కొందరి ఒంటికి అస్సలు పడదు, ఒళ్లంతా దద్దురు లేస్తుంది. జిల్లేడు పాలు కూడా అంతే. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే చూపుకే ముప్పు. సున్నంలో చాకలి సోడా కలిపి పెట్టే అలవాటు మా వైపు ఉంది. అది గట్టి చర్మాన్ని ఎంత తింటుందో మంచి చర్మాన్నీ అంతే తింటుంది.

పొక్కులు మానాక ఒక ఆరెంపీ దగ్గరికి పోయాం. ఆయన చూసి "ఆనె, వేరు తీసేస్తా" అని బ్లేడుతో కోశాడు. బొట్లు బొట్లుగా రక్తం కారింది. వేరు దొరకలేదు. దొరకదు, దానికి వేరు ఉండదని తర్వాత తెలిసింది. నెల తిరిగేసరికి ఒక మచ్చ ఉన్నచోట ఐదు మచ్చలు. మెడికల్ షాపులో అడిగితే కార్న్ క్యాప్ అని పట్టీలు ఇచ్చారు. మధ్యలో చిన్న మందు బిళ్ల ఉంటుంది. తమ్ముడు మూడు రోజులు అతికించి, ఏమీ కాలేదని విసుక్కొని మిగిలినవి గూట్లో పడేశాడు. ఆ గూడు సంగతి మళ్లీ వస్తుంది.

ఆగస్టు 28న రాత పరీక్ష అయిపోయాక సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాం. ఆమె ముందు ఏ మందూ రాయలేదు. కాలిని వెలుతురుకు తిప్పి మమ్మల్ని దగ్గరికి పిలిచింది. "చూడండి, అరికాలి మీద గీతలుంటాయి కదా. ఆనె మీద ఆ గీతలు కనపడతాయి. ఇక్కడ మచ్చ దగ్గరికి వచ్చేసరికి గీత ఆగి పక్కకు తిరిగిపోయింది." పైపొర కొంచెం గీకితే లోపల నల్లటి చుక్కలు. అవి మట్టి కాదు, మూసుకుపోయిన సన్నని రక్తనాళాలు. తర్వాత మచ్చను నిలువుగా నొక్కింది, తమ్ముడు ఊరుకున్నాడు. రెండు పక్కల నుంచి వేళ్లతో గిల్లినట్టు పట్టింది, వాడు ఎగిరిపడ్డాడు. ఆనె అయితే నిలువుగా నొక్కితే నొప్పి, పులిపిరి అయితే ఎక్కువగా పక్కల నుంచి పిండితే నొప్పి.

"ఇది పులిపిరి తమ్ముడూ. ఒంటి బరువుకు బయటికి పెరగలేక లోపలికి పెరిగింది."

పులిపిరికి కారణం ఒక వైరస్. పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్. అందులో వందకు పైగా రకాలున్నాయి. కొన్ని రకాలు అరికాలి మందపాటి చర్మంలోనే ఉంటాయి. నాని మెత్తబడిన చర్మంలో, పగుళ్లలో, చిన్న గాట్లలో దూరుతుంది. దూరిన వెంటనే తెలియదు, బయటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వాడి రూములో తడి నేల మాకు గుర్తొచ్చింది. బ్లేడు కూడా గుర్తొచ్చింది. కోసిన ప్రతి గాటూ దానికి కొత్త దారే.

మా ఉప్పు కథ ఆమెకు చెప్పాం. నవ్వింది గానీ ఎగతాళి చేయలేదు. పిల్లల్లో సగం మందికి ఏడాదిలో, మూడింట రెండు వంతుల మందికి రెండేళ్లలో పులిపిర్లు ఏ మందూ లేకుండానే పోతాయట. ఒంట్లోని రక్షణ శక్తి ఆ వైరస్‌ను గుర్తుపట్టే దాకా ఆలస్యం, అంతే. పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఉప్పు వల్ల నష్టం లేదు, ఆగడం నేర్పింది అంది ఆమె. మా బావి మీద మాకు గౌరవం తగ్గలేదు.

కానీ తమ్ముడికి ఆగే తీరిక లేదు. డిసెంబర్‌లో పరుగు ఉంది. ఆమె శాలిసిలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం కలిసిన పూత మందు రాసింది. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కాలు నానబెట్టాలి. మెత్తబడిన తెల్లటి పొరను గరుకు రాయితో నెమ్మదిగా రుద్దాలి, రక్తం రాకూడదు. ఆ రాయి ఇంకెవరూ వాడకూడదు. చుట్టూ మంచి చర్మానికి వాసెలిన్ పూసి, మచ్చ మీద మాత్రమే మందు చుక్క పెట్టాలి. మండితే రెండు రోజులు ఆపాలి. ఇట్లా 12 వారాల దాకా.

వాసెలిన్ మాట వినగానే మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది దాది ఆముదమే. మందు చుక్క దాది సూది మొనే. దాది కాల్చేదీ చర్మాన్నే, డాక్టర్ ఊడదీసేదీ చర్మాన్నే. కానీ ఈ సీసా మీద నూటికి 16.7 పాళ్లు అని రాసి ఉంది. జీడిగింజ మీద ఎవరు రాస్తారు? దాది చేతికి ఆ కొలత ఉంది. మా చేతికి లేదు.

తమ్ముడు ఫోన్‌లో చూసి గడ్డకట్టించే వైద్యం గురించి అడిగాడు. హైదరాబాద్‌లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో పులిపిరిని గడ్డకట్టిస్తారు. రెండు మూడు వారాలకు ఒకసారి పోవాలి. నొప్పి ఉంటుంది, పొక్కు లేస్తుంది. ఆమె వద్దనలేదు. కానీ 2011లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధన గురించి చెప్పింది. అరికాలి పులిపిర్లున్న 240 మందిలో కొందరికి ఈ వైద్యం, కొందరికి ఇంట్లో పూసుకునే శాలిసిలిక్ ఆమ్లం ఇచ్చారు. 12 వారాలకు పూర్తిగా పోయింది రెండు వైపులా నూటికి 14 మందికే. ఆ లెక్క విని తమ్ముడి మొహం చిన్నబోయింది. మాకు మాత్రం ఆమె మీద నమ్మకం అప్పుడే కుదిరింది. అంతకు ముందు మేం కలిసిన ప్రతివాళ్లూ వారంలో పోతుందన్నవాళ్లే. ప్లాస్టర్ టేపు అంటించే చిట్కా గురించి కూడా అడిగాం. 2002లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన అది బాగా పనిచేస్తుందంది, తర్వాత చేసినవాటిలో ఆ మాట నిలబడలేదు. కరెంటుతో కాల్చడం చివరి మాట అంది. అరికాలిలో మచ్చ మిగిలితే నడిచినన్నాళ్లూ గుచ్చుతుంది.

ఇప్పుడు గూడు సంగతి. అక్టోబర్ చివర బా ఇంట్లో ఉన్నాడు. గూట్లో కార్న్ క్యాప్ పట్టీలు కనపడ్డాయి. కొడుకు కాలికి తెచ్చిన మందు, తన కాలికి పనికిరాదా? తన ఆనె మీద అతికించుకున్నాడు. ఆ బిళ్లలో నూటికి 40 పాళ్ల శాలిసిలిక్ ఆమ్లం. షుగర్ వల్ల ఆయన వేళ్లకు స్పర్శ ఎప్పుడో తగ్గింది. మంట తెలియలేదు. పట్టీ కొంచెం జరిగింది, అదీ తెలియలేదు. ఐదో రోజు యాడి వాసన పట్టింది. చూస్తే చిటికెన వేలు పక్కన గుంత, చుట్టూ నలుపు. అప్పటికి కూడా ఆయన "నొప్పి లేదు, ఏం కాదు" అంటూనే ఉన్నాడు. నొప్పి లేకపోవడమే జబ్బు అని మాకు తెలియదు.

హైదరాబాద్ పెద్దాసుపత్రిలో పదహారు రోజులు ఉన్నాం. నవంబర్‌లో ఆ వేలు తీసేశారు. పాదం దక్కింది.

ఇంటికొచ్చాక ఆ పట్టీల డబ్బా తీసి చూశాం. సన్నటి అక్షరాల్లో, ఇంగ్లిషులో, షుగర్ ఉన్నవాళ్లు వాడకూడదని రాసి ఉంది. మా ఇంట్లో ముగ్గురం చదువుకున్నవాళ్లం. ఆ డబ్బా రెండు నెలలు మా కళ్ల ముందే ఉంది. ఒక్కరం కూడా తిప్పి చూడలేదు. ఈ వ్యాసం రాయమన్నప్పుడు ఇంకేదైనా రాద్దామనుకున్నాం, కానీ చేయి ఇక్కడికే వచ్చింది.

హాస్టల్ మాస్టార్లు ఇది చదువుతారు గనుక ఒక మాట. అరికాలి పులిపిరి ఉన్న పిల్లను వేరే కూర్చోబెట్టాల్సిన పని లేదు, ఆట మాన్పించాల్సిన పనీ లేదు. స్నానాల గదిలో చెప్పులు, ఎవరి తువ్వాలు వారికి, మచ్చ మీద పట్టీ, తడి మేజోళ్లు మార్చుకోవడం, గిల్లకుండా చూడటం, ఇవి చాలు. బ్లేడు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. పిల్ల చర్మం మీద ఎక్కడైనా స్పర్శ తెలియని మచ్చ ఉంటే అది వేరే సంగతి, అప్పుడు ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి.

డిసెంబర్‌లో తమ్ముడు ఉరికాడు. ఐదు మచ్చల్లో రెండు పోయాయి, మూడు ఉన్నాయి. డాక్టర్ చెప్పినట్టు మచ్చల చుట్టూ మెత్తటి వలయం అంటించి, మేజోళ్లు, బూట్లు వేసుకొని ఉరికాడు. 7 నిమిషాల 9 సెకన్లు. గేటు బయట మేం ఇద్దరం ఏడ్చాం, వాడు నవ్వాడు. ఉద్యోగం రాలేదు, చివరి రాత పరీక్షలో మార్కులు తగ్గాయి. మళ్లీ చదువుతున్నాడు. మిగిలిన మూడు మచ్చలు మరుసటి వానాకాలంలో పోయాయి. ఏ రోజు పోయాయో వాడికీ తెలియదు. ఒకరోజు నాట్లకు దిగి కాళ్లు కడుక్కుంటూ చూసుకుంటే లేవు, అంతే. అప్పటికి మందు మానేసి నెలలు దాటింది.

బా ఇప్పుడు తాండూరు పోవడం లేదు. మెత్తటి ఎంసీఆర్ చెప్పులు ఇచ్చారు, ఇంట్లో కూడా అవే వేసుకుంటాడు. మొదట్లో ఇంట్లో చెప్పులా అని సిగ్గుపడ్డాడు. రాత్రి అన్నం తిన్నాక యాడి ఫోన్ టార్చి వేసి ఆయన పాదాలు రెండూ వేళ్ల సందులతో సహా చూస్తుంది. ఆయన మొహం అటు తిప్పుకొని కూర్చుంటాడు.

దాది జీడిగింజల డబ్బా ఇంకా అటక మీదే ఉంది. పారేద్దామని ఒకరోజు దించాం. దాది లాక్కుంది.

"కాలికొద్దులే. బట్టల మీద గుర్తుకు పనికొస్తయి" అంది.

మళ్లీ అటక మీదే పెట్టాం.