బాలానగర్ మీదుగా పొగబండి

పాలమూరు శరత్తులో ఆకులు ఎర్రబడే చెట్లుండవు. గునుగు తెల్లగా, తంగేడు పసుపుపచ్చగా విరగబూస్తాయి. దేశమంతా ‘బాలానగర్’ పేరుతోనే సాగుచేసే సీతాఫలం, ఆ పేరిచ్చిన ఊరి గుట్టల మీద కళ్లు విచ్చుకుంటుంది. ఆవిరి ఇంజను ఫొటోకు ఇంతకన్నా మంచి రోజులు లేవని నా గట్టి నమ్మకం.

ఆవిరి నిజానికి కంటికి కనబడదు. గొట్టంలోంచి పైకొచ్చి చల్లగాలి తగిలి, సన్నటి నీటి తుంపరలైనప్పుడే తెల్లగా కనిపిస్తుంది. మే నెల ఎండలో అది పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది. దసరా దాటి తెల్లవారుజాము చల్లబడ్డాక, బండి వెనక చాలాసేపు నిలుస్తుంది. పైగా సికింద్రాబాద్ నుంచి బాలానగర్ మీదుగా కర్నూలు దిక్కు పోయే ఈ రైలుదారి చాలా మట్టుకు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. తూర్పున నిలబడితే చాలు, పొద్దుటెండ ఏటవాలుగా పడి చక్రాలనూ, వాటిని తిప్పే కడ్డీలనూ వెలిగిస్తుంది. ఎక్కుడున్న చోటు చూసుకోవాలి. దిగుడులో ఇంజను పొగ పెద్దగా వదలకుండా ఊరికే జారిపోతుంది.

‘పథేర్ పాంచాలి’ సినిమాలో రైలు సన్నివేశం కోసం సత్యజిత్ రాయ్ 1952 శరత్తులో రెల్లుపూల మధ్య చిత్రీకరణ మొదలుపెట్టాడు. వారం తర్వాత వెళ్తే పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఏడాది ఆగాడు. నల్లటి పొగ కావాలని తన మనిషిని ఇంజనులోకి ఎక్కించి, సరిగ్గా కావలసిన చోట బొగ్గు వేయించాడు. ఒక్క రైలు కోసం అంత ఓపిక!

మన దారి మీద అంత ఓపికతో తీసిన చిత్రం నా కంటపడలేదు. నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1905లోనే పోయాడు. కాచిగూడ స్టేషన్ లేచింది 1916లో. ఆ తర్వాత దశాబ్దాలపాటు బొగ్గింజన్లు మీటర్ గేజ్ మీద షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల తిరిగాయి. దేశం ఈ దారిని గట్టిగా తలుచుకున్నది 1956 సెప్టెంబరులో, జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల నడుమ వంతెన కూలి వందమందికి పైగా ప్రాణాలు పోయినప్పుడు. రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి అప్పుడే రాజీనామాకు సిద్ధపడ్డారు.

రైళ్లను ఫొటో తీసేవాళ్లు మనుషులు అడ్డం రాకుండా చూసుకుంటారు. పాలమూరులో అట్లా తీస్తే అన్యాయం. ఇక్కడ శరత్తు వలసల కాలం కూడా. వానాకాలం పంట చేతికొచ్చినా రాకున్నా, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, గిన్నెలు, గొంగడి మూటగట్టుకుని బొంబాయికో, ఎక్కడో డ్యాము పనికో పోయినవాళ్లెందరో. పొగ ఎంత అందంగా వచ్చినా సరే, ఆ మూటలు లేని బొమ్మ పాలమూరుది కాదు.

1990ల్లో పట్టాలు బ్రాడ్ గేజ్ అయ్యాయి. ఇప్పుడు పైన కరెంటు తీగలు. అయినా హర్యానాలోని రేవాడి షెడ్డులో బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజన్లు నేటికీ నడిచే స్థితిలో ఉన్నాయి. ఒకదాన్ని దసరాకు కాచిగూడ నుంచి గద్వాల దాకా నడపమని మనం అడగాలి. తీగలూ, స్తంభాలూ ఫొటోలో పడితే పడనీ. నేనైతే బాలానగర్‌లో, సీతాఫలాల గంపలు ముందేసుకుని కూర్చున్న ఆడవాళ్ల వెనక నిలబడతాను. ఇంజను సగమే వచ్చినా ఫర్వాలేదు, గంపలూ ముఖాలూ మాత్రం పూర్తిగా రావాలి.