హెరాల్డ్ బ్రేక్ పంపు

మా హెరాల్డ్ గురించి ఇక్కడ ఇదివరకే ఒకటి రెండుసార్లు రాశాం. ఫొటోలు చూసిన చుట్టాలంతా "ఇంకా నడుస్తోందా అది?" అని అడుగుతుంటారు. నడుస్తోంది. నడవడానికి అదెప్పుడూ పేచీ పెట్టలేదు. పోయిన ఏడాది పేచీ ఆగడం దగ్గర వచ్చింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. స్టాండర్డ్ హెరాల్డ్ అచ్చంగా మద్రాసు బండి. జీఎస్టీ రోడ్డులో వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వాళ్ల ఫ్యాక్టరీలో 1961 నుంచి తయారైంది. ఇంగ్లండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. రూపం గీసింది ఇటలీ ఆయన, మికెలొట్టి. మొదట్లో వచ్చినవి రెండు తలుపులవి. బానెట్టు, మడ్‌గార్డులు, దీపాలు అన్నీ కలిపి ముక్కు మొత్తం ఒకేసారి ముందుకు లేస్తుంది. అంబాసిడర్లూ ఫియట్లూ తప్ప ఇంకేం కనపడని రోజుల్లో మా వీధి పిల్లలు దాన్ని స్పోర్ట్స్ కారనే అనేవాళ్లు. అది మరీ అబద్ధమేం కాదు. అదే ఛాసిస్‌ని కురచ చేసి ట్రయంఫ్ వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారు తెచ్చారు. ఆ లెక్కన మా బండి దానికి అక్క.

నాయన నెల్లూరు నుంచి వచ్చి టి.నగర్‌లో స్థిరపడ్డాక కొన్న మొదటి కారు ఇది, చివరిదీ ఇదే. పండక్కి ఊరికెళ్లాలంటే దీంట్లోనే, జీఎన్‌టీ రోడ్డు మీద. రెడ్‌హిల్స్ దాటితే షోలవరం. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు అక్కడ రేసులు పెట్టేవాళ్లు. సరిగ్గా ఆ ఊరి దగ్గరికొచ్చేసరికి నాయన కాలు బరువెక్కేది, అమ్మ "మెల్లిగా పోనీయండి" అనేది. ఈ రెండూ లేకుండా షోలవరం దాటిన గుర్తు మాకెవరికీ లేదు.

ఇప్పుడు అమ్మకి 84. సంక్రాంతికి పుట్టింటి ఊరు చూడాలంది, అదీ హెరాల్డ్‌లోనే. ఏసీ కారులో అయితే ఎప్పుడైనా పోవచ్చు, దాంట్లో పోతే పోయినట్టే ఉండదంది. సరేనన్నాం. నవంబరులో ఒక ఆదివారం పొద్దున పానగల్ పార్కు దగ్గర సిగ్నల్లో బ్రేకు తొక్కి నిలబడి ఉండగా, కాలి కింద పెడల్ మెల్లిగా దిగిపోవడం మొదలైంది. జారుడుబల్ల మీద పిల్లాడు దిగినట్టు, తొందర లేకుండా నేల దాకా పోయింది. బండి ముందుకు పాకింది. హ్యాండ్‌బ్రేక్ లాగితే ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగింది. హ్యాండ్‌బ్రేక్ వైరుతో వెనక చక్రాలకి పోతుంది, దానికి ఆయిల్‌తో పనిలేదు కాబట్టి బతికాం. కాలి బ్రేకు సంగతి వేరు. ఇప్పటి కార్లలో రెండు లైన్లుంటాయి, ఒకటి పోయినా ఇంకోటి ఆదుకుంటుంది. మా బండిలో నాలుగు చక్రాలకీ ఒకే లైను, ఆ లైనుకి ఒకే పంపు.

కాగితాల మీద మాస్టర్ సిలిండర్ అని రాస్తారు గానీ మా మేస్త్రి నోట ఎప్పుడూ బ్రేక్ పంపే. ఆయన పుదుపేటలో మూడు తరాల తెలుగాయన. మాట మన తెలుగే, మధ్యమధ్యలో తమిళం తాలింపు. నాలుగు చక్రాలూ విప్పి చూశాడు, ఎక్కడా తడి లేదు. డబ్బాలో ఆయిల్ మట్టం చుక్క కూడా తగ్గలేదు. "ఆయిల్ బయటికి పోలే సార్. లోపలే దొంగతనం జరగతా ఉంది" అన్నాడు.

ఆ దొంగతనం ఎట్లా జరుగుతుందో పంపు విప్పి బల్ల మీద పరిచి మరీ చూపించాడు. నెత్తిన చిన్న ఆయిల్ డబ్బా, కింద ఒక గొట్టం, గొట్టంలో పిస్టను, దానికో రబ్బరు కప్పు. గొట్టం చివర ఒక చిన్న మూత ఉంటుంది. కాలు తీసినప్పుడు పిస్టను వెనక్కొచ్చి ఆ మూతని లాగి పట్టుకుంటుంది, డబ్బాకి దారి తెరిచి ఉంటుంది. కాలు వేయగానే ముందు ఆ మూత పడుతుంది, ఆ తర్వాతే ఒత్తిడి చక్రాలకి పోతుంది. మూత సరిగ్గా ఆనకపోతే ఒత్తిడి చక్రాలకి పోయే బదులు తిరిగి డబ్బాలోకే జారుకుంటుంది. అందుకే ఆయిల్ తగ్గదు, పెడల్ దిగుతుంది. గబగబా నాలుగు సార్లు కొడితే కాసేపు నిలబడినట్టుంటుంది, మెల్లిగా తొక్కి పట్టుకుంటే దిగిపోతుంది. పాత బండి ఉన్నవాళ్లు ఈ పరీక్ష ఇంటి ముందే చేసుకోవచ్చు. బండి కదలక్కర్లేదు, పెడల్ మీద నిమిషంసేపు కాలు వేసి ఉంచితే చాలు.

గొట్టం లోపలికి టార్చి వేసి చూస్తే గోడ మీద తుప్పు చుక్కలు, అడుగున మూత ఆనేచోట గోరుకి తగిలేటంత గుంటలు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 అయితే కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్లు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. చేరిన నీళ్లు అట్టడుగున ఇనుముని తింటూ కూర్చుంటాయి. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో తేమకి కరువేముంది. మన ఊరగాయ జాడీకే వాసెన కట్టి కాపాడుకుంటాం, ఈ డబ్బా మూతకి గాలి పోయే కన్నం ఉండక తప్పదు మరి.

ఇక విడిభాగం వేట. జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పుదుపేట రెండూ తిరిగాం. బ్రేకులంటే ఈ ఊరికి కొత్త కాదు. టీవీఎస్ వాళ్లు ఇంగ్లండు లూకస్‌తో కలిసి 1962లోనే పాడిలో బ్రేక్స్ ఇండియా పెట్టారు. కానీ హెరాల్డ్ ఫ్యాక్టరీ మూతపడి దశాబ్దాలైంది, దాని పంపు ఎవరు దాచిపెడతారు? ఒక కొట్టులో రబ్బరు కిట్ దొరుకుతుందన్నారు. ఇంకో కొట్టులో వేరే బండి పంపు చూపించి, "ఇది కూర్చుంటుంది సార్, బ్రేకు ఇంకా గట్టిగా ఉంటుంది" అన్నారు.

ఆ గట్టిదనం దగ్గర మా బావ ఆగాడు. ఆయన ఇంజినీరు, రిటైరయ్యాక లెక్క వేసే అవకాశం దొరికితే వదలడు. మా పాత పంపు మీద 5/8 అని పోతపోసి ఉంది, అంటే గొట్టం వెడల్పు 5/8 అంగుళం. కొట్టాయన చూపించింది 3/4. చూడ్డానికి తేడా నూలుపోగంత. కానీ పిస్టను వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. కాలు అంతే బలంతో నొక్కితే లైనులో ఒత్తిడి దాదాపు 30 శాతం తగ్గుతుంది. పెడల్ మాత్రం రాయిలా గట్టిగా తగులుతుంది, మనకి ధైర్యంగానే ఉంటుంది. ఎదురుగా లారీ ఆగినప్పుడు తెలుస్తుంది సంగతి.

ఇంట్లో అసలు తగువు వేరేది. మాలో ఒకరు పాత పంపే ఉండాలన్నారు. ఈ బండిలో సీటు గుడ్డ తప్ప ఏదీ మార్చలేదని మా అందరికీ కాస్త గర్వం ఉంది, దాచుకోవడం దేనికి. నాయన కాలు అన్నేళ్లు నొక్కిన పంపు అది, గొట్టం లోపల స్లీవ్ వేయిస్తే మళ్లీ కొత్తదవుతుందని వాదన. న్యూజెర్సీ నుంచి అక్క, ఇంగ్లండులో స్పిట్‌ఫైర్‌కీ హెరాల్డ్‌కీ ఇప్పటికీ కొత్త భాగాలు చేస్తున్నారని, కొలత చూసి తెప్పించండని. రెండు వారాలు ఫోన్లలో ఇదే గొడవ. స్లీవ్ మాట మేస్త్రి చెవిన వేస్తే పాత పంపు గొట్టంలో వేలు పెట్టి చూపించాడు. "స్లీవు గోడకి వేస్తాం సార్. అడుగున ఉండే గుంటకి ఏం వేస్తాం? లేత్ మీద గీకినా ఎంత గీకేది? నేనైతే నా పిల్లలని ఎక్కించను."

అమ్మ ఈ రెండు వారాలూ ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం, "ఏందిరా మీ రచ్చ? మీ నాయన్ని చూసుకోవాలంటే ఆ స్టీరింగు పట్టుకో, ఆయన చేతి మసి ఇంకా ఉంది దాని మీద. బ్రేకులో ఎందుకు వెతుక్కోవడం ఆయన్ని? ఆయనుంటే ఈపాటికి మార్చి పారేసుండేవాడు" అంది.

కొత్తది ఇంగ్లండు నుంచి మూడు వారాల్లో వచ్చింది. పంపు ఒక్కటే మార్చి చేతులు దులుపుకోవడానికి మేస్త్రి ఒప్పుకోలేదు. కొత్త పంపు పూర్తి ఒత్తిడి ఇస్తే ఇన్నాళ్లూ బలహీనతకి అలవాటుపడ్డ రబ్బరు గొట్టాలు ఎక్కడో ఒకచోట చిట్లుతాయట. అవీ, చక్రాల దగ్గరి రబ్బర్లూ అన్నీ మార్పించాం. పెడల్‌కీ పిస్టనుకీ మధ్య కడ్డీకి పిసరంత ఖాళీ వదిలాడు. అది లేకపోతే పిస్టను పూర్తిగా వెనక్కి రాదు, బ్రేకు పట్టేసి డ్రమ్ములు కాగిపోతాయి. ఆయిల్ విషయంలో ఒకటి చెప్పాలి, విదేశాల్లో ఇలాంటి బండ్లు పెట్టుకున్న మనవాళ్లు ఉన్నారు కాబట్టి. ఇంజిన్ ఆయిల్ లాంటి ఖనిజ తైలం ఒక్క చెంచా పడినా లోపలి రబ్బర్లు బూరెల్లా ఉబ్బిపోతాయి. ఆయిల్ పోసే గరాటు కూడా వేరేగా ఉంచుకోండి.

గాలి తీయడానికి ఇంటిల్లిపాదీ కావాల్సొచ్చింది. పంపుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి, సీసాలో సన్న గొట్టం ముంచి, మనవరాలు పెడల్ దగ్గర కూర్చుంటే మేస్త్రి కింద నుంచి "నొక్కమ్మా... పట్టుకో... వదులు" అని కేకలు. బుడగలు ఆగడానికి రెండు గంటలు పట్టింది. ఆ పిల్లకి తర్వాత రెండు రోజులు పిక్కలు లాగాయి.

మరునాడు తెల్లవారుజామున అయిదింటికి మెరీనా పక్కన కామరాజర్ సాలైలో ఖాళీ చూసుకుని మెల్లిగా ఒకసారి, కాస్త వేగంగా ఒకసారి, గట్టిగా ఒకసారి ఆపి చూశాం. సిగ్నల్లో నిమిషం పట్టి ఉంచాం. పెడల్ ఎక్కడిదక్కడే ఉంది.

భోగి ముందురోజు బయల్దేరాం. నెల్లూరు 175 కిలోమీటర్లు. ఇప్పుడది జీఎన్‌టీ రోడ్డు కాదు, ఆరు వరసల జాతీయ రహదారి. పక్క నుంచి పోయే లారీల గాలికే హెరాల్డ్ ఊగుతుంది. ఎడమ వరస వదల్లేదు, గంటకి 60 దాటలేదు. షోలవరం దగ్గర అమ్మ కిటికీ అద్దం దించి రన్‌వే ఉండే వైపు చూసింది. కాసేపాగి, "ఇంత మెల్లిగా పోతే గూడూరు ఎప్పటికి చేరతాం?" అంది.

పాత పంపు నాయన పనిముట్ల పెట్టెలో ఉంది. దాని స్ప్రింగుకి నాలుకలాంటి చిన్న రేకు ఒకటుంటుంది, దాన్ని సన్న స్క్రూడ్రైవర్‌తో లేపితే గానీ పిస్టను విడిరాదు. మనవరాలికి ఇప్పుడు అది విప్పి బిగించడం కళ్లు మూసుకుని కూడా వచ్చు.